టక్‌మంటుంది, ఇంజన్ తిరగదు

ప్రశ్న: మేము చెన్నై వేళచ్చేరిలో ఉంటాం. మా కారు 9 ఏళ్ల నాటిది. పెట్రోల్ బండి, మామూలు గేర్లు. నెల రోజులుగా పొద్దున్నే తాళం తిప్పితే ముందువైపు నుంచి టక్‌మని ఒకే ఒక్క చప్పుడు వస్తోంది, ఇంజన్ మాత్రం తిరగడం లేదు. డ్యాష్‌బోర్డు లైట్లు బాగానే వెలుగుతాయి, హారన్ మోగుతుంది. నాలుగైదు సార్లు తిప్పితే ఒక్కోసారి స్టార్ట్ అవుతుంది. లేదంటే వాచ్‌మన్‌ను పిలిచి తోయించుకుంటున్నాం. 4 నెలల కిందటే కొత్త బ్యాటరీ వేయించాం. మా వీధి మెకానిక్ సెల్ఫ్ మోటార్ పోయింది, కొత్తది వేయాలి, 8 వేలవుతుంది అంటున్నాడు. మా మావయ్యగారేమో బ్యాటరీ మంచిది కాదు, వెళ్లి షాపువాణ్ణి నిలదీయండి అంటున్నారు. వచ్చే వారం పిల్లలతో నెల్లూరు వెళ్లాలి. దారిలో ఆగిపోతే ఎలాగని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, ఆ 8 వేలు ఇప్పుడే ఇవ్వకండి. బ్యాటరీ షాపుకు గొడవకూ వెళ్లకండి. మెకానిక్ చెప్పింది నిజం కావచ్చు, మావయ్యగారు చెప్పిందీ నిజం కావచ్చు. కానీ ఇద్దరూ ఏదీ కొలవకుండానే చెప్పారు. బ్యాటరీకీ, ఇంజన్‌ను తిప్పి స్టార్ట్ చేసే సెల్ఫ్ మోటార్‌కీ మధ్య ఉన్న దారిలో ఎక్కడైనా లోపం ఉన్నా అచ్చం మీరు రాసినట్టే ఉంటుంది. ఆ దారిని ఎవరూ చూసినట్టు మీ ఉత్తరంలో లేదు. దాన్ని చూడటానికి పెద్ద ఖర్చేమీ లేదు, ఒక గంట ఓపిక ఉంటే చాలు.

ముందు ఆ టక్ అనే చప్పుడు ఎక్కడిదో తెలుసుకోండి, సగం చిక్కు అక్కడే విడిపోతుంది. మీరు తాళం తిప్పగానే ఒక సన్న వైరులో కొద్దిపాటి కరెంటు సెల్ఫ్ మోటార్ మీద కూర్చున్న సోలనాయిడ్ అనే అయస్కాంతపు స్విచ్‌కు వెళ్తుంది. దాని లోపలున్న ఇనుప కడ్డీ అయస్కాంతశక్తితో లోపలికి లాక్కుపోతుంది. ఆ కడ్డీ రెండు పనులు చేస్తుంది. ఒకవైపు చిన్న పళ్లచక్రాన్ని తోసి ఇంజన్ చివరనున్న పెద్ద చక్రం, అంటే ఫ్లైవీల్ పళ్లలో ఇరికిస్తుంది. రెండోవైపు ఒక రాగి బిళ్లను రెండు మందపాటి రాగి కాంటాక్టులకు అదిమి, బ్యాటరీ కరెంటు మొత్తాన్ని మోటార్‌లోకి వదులుతుంది. మీకు వినపడే టక్ ఆ కడ్డీ కదిలిన చప్పుడు. అంటే తాళం, ఇగ్నిషన్ స్విచ్, ఫ్యూజు, రిలే అనే చిన్న స్విచ్, సన్న వైరు అన్నీ వాటి పని అవి చేస్తున్నాయి. వాటి జోలికి పోనక్కర్లేదు. లోపం ఉన్నది లావు దారిలో. బ్యాటరీ ప్లస్ పోలు (పైకి పొడుచుకొచ్చిన సీసపు ముక్క), దాని మీద బిగించే పట్టు, అంటే క్లాంపు, ఎర్ర కేబుల్, సోలనాయిడ్ కాంటాక్టులు, మోటార్, అక్కడి నుంచి ఇంజన్ బాడీ, ఎర్త్ వైరు, మళ్లీ బ్యాటరీ మైనస్. ఈ చుట్టులో ఎక్కడో కరెంటు ఆగిపోతోంది.

ఒక్క మాట. చప్పుడు డ్యాష్‌బోర్డు కింద ఫ్యూజు పెట్టెలో నుంచి చిన్నగా, గోరుతో తట్టినట్టు వస్తుంటే అది రిలే మాత్రమే, సోలనాయిడ్ దాకా ఏమీ చేరలేదని అర్థం. అప్పుడు వెతకాల్సింది సన్న వైరులోనే. మీరు ముందువైపు నుంచి వస్తోందని రాశారు కాబట్టి సోలనాయిడ్ అనే అనుకుంటున్నాను. ఒకరు తాళం తిప్పుతుంటే ఇంకొకరు బానెట్ దగ్గర నిలబడి వింటే ఖాయంగా తెలిసిపోతుంది.

లైట్లు వెలుగుతున్నాయి, హారన్ మోగుతోంది కాబట్టి కరెంటు బాగానే ఉందని మీరు అనుకోవడం సహజం. చాలామంది పొరపడేది ఇక్కడే. కారు లోపలి చిన్న లైటుకు అర ఆంపియరు కూడా అక్కర్లేదు. చిన్న పెట్రోల్ ఇంజన్‌ను తిప్పడానికి సెల్ఫ్ మోటార్‌కు 100 నుంచి 200 ఆంపియర్లు కావాలి. డీజిల్ అయితే ఇంకా ఎక్కువ. ఇప్పుడు బ్యాటరీ క్లాంపు దగ్గర తుప్పు వల్ల 0.02 ఓముల అడ్డు ఏర్పడిందనుకోండి. లెక్కకు కూడా రానంత చిన్న అడ్డు అది. లైటుకు దాని వల్ల పోయేది ఒక వోల్టులో నూరో వంతు కూడా కాదు, అది మామూలుగానే వెలుగుతుంది. అదే అడ్డు మీదుగా 150 ఆంపియర్లు వెళ్లాలంటే 150ని 0.02తో హెచ్చవేయండి, 3 వోల్టులు అక్కడే హరించుకుపోతాయి. అడ్డు ఇంకాస్త పెరిగితే మోటార్‌కు మిగిలేది దేనికీ సరిపోదు. ఎండాకాలంలో ఊళ్లో లో వోల్టేజీకి బోరు మోటార్ మూలుగుతూ తిరగకుండా ఉండిపోవడం మీరు చూసే ఉంటారు. ఇదీ అలాంటిదే.

చప్పుడు తీరు కూడా ఒక ఆధారం. మీకు ఒకే టక్ వస్తోంది. అలా కాకుండా టకటకటకటక అని వరసగా కొట్టుకుంటుంటే, పది కేసుల్లో తొమ్మిదింటికి బ్యాటరీలో ఛార్జి లేదనో, కనెక్షన్ బాగా వదులైందనో అనుకోవచ్చు. సోలనాయిడ్ పట్టుకోగానే మోటార్ కరెంటు లాగుతుంది, ఆ దెబ్బకు వోల్టేజీ కూలిపోతుంది, సోలనాయిడ్ కడ్డీని పట్టుకోలేక వదిలేస్తుంది. వదలగానే వోల్టేజీ కోలుకుంటుంది, మళ్లీ పట్టుకుంటుంది. ఆ కొట్టుకోవడమే టకటక. ఒకే టక్ వచ్చి ఊరుకుంటే కడ్డీని పట్టి ఉంచేంత వోల్టేజీ ఉందన్నమాట. అందుకే మీ విషయంలో బ్యాటరీ మీద నా అనుమానం తక్కువ, దారి మీద ఎక్కువ.

రేపు పొద్దున స్టార్ట్ చేసే ముందు కారు లోపలి సీలింగ్ లైటు వేసి ఉంచి, దాన్నే చూస్తూ తాళం తిప్పండి. హెడ్‌లైట్లతో చూడమని కొందరు చెబుతారు కానీ చాలా కార్లలో స్టార్ట్ స్థానంలోకి తాళం తిప్పగానే హెడ్‌లైట్లు వాటంతటవే ఆగిపోతాయి, ఏమీ తేలదు. టక్ వచ్చినప్పుడు సీలింగ్ లైటు దాదాపు ఆరిపోయేంతగా డిమ్ అయితే, బ్యాటరీ నీరసపడి ఉండాలి, లేదా టెర్మినల్ దగ్గర అడ్డు ఉండాలి, లేదా మోటారే ఇరుక్కుని కరెంటు గుంజుతూ ఉండాలి. లైటు చెక్కుచెదరకుండా వెలుగుతుంటే మోటార్‌లోకి కరెంటు అసలు వెళ్లడమే లేదు.

తర్వాత బానెట్ ఎత్తి బ్యాటరీ క్లాంపులను పట్టుకుని చేత్తో అటూ ఇటూ తిప్పి చూడండి. బిగించిన క్లాంపు చేతి బలానికి వెంట్రుకవాసి కూడా కదలకూడదు. కదిలితే మీ జబ్బు దాదాపు దొరికినట్టే. కొత్త బ్యాటరీ వేసేటప్పుడు షాపు కుర్రాళ్లు హడావుడిలో పాత క్లాంపును శుభ్రం చేయకుండానే కొత్త పోలు మీద నొక్కి బిగించి పంపేస్తుంటారు. కొన్ని బ్యాటరీలకు పోలు సన్నగా ఉంటుంది, కొన్నింటికి లావు. లావు పోలుకు అలవాటుపడి సాగిన క్లాంపు సన్న పోలు మీద ఎంత బిగించినా పట్టదు. మీ బ్యాటరీ మారిన 3 నెలలకు ఈ బాధ మొదలైంది చూడండి, నా మొదటి అనుమానం అందుకే.

పైకి శుభ్రంగా కనిపిస్తే నమ్మకండి. తెల్లగానో పచ్చగానో పొడి పట్టి ఉంటే అందరికీ తెలుస్తుంది. మోసం చేసేది లోపలి పొర. క్లాంపు ఊడదీసి దాని లోపలి గుండ్రాన్ని వెలుతురులోకి తిప్పి చూడండి. సీసం మెరుస్తూ ఉండాల్సిన చోట మసకగా, పలక రంగులో ఒక పూత కనిపిస్తుంది. పోలు చుట్టూ కూడా అదే. గోరుతో గీకితే కింద మెరుపు బయటపడుతుంది. ఆ పూత మందం కాగితమంత కూడా ఉండదు, అయినా బండిని ఆపగలదు. చెన్నై ఉప్పుగాలికి, ఉక్కకు ఈ తుప్పు తొందరగా పడుతుంది.

ఊడదీసేటప్పుడు మైనస్ ముందు తీయండి, బిగించేటప్పుడు మైనస్ ఆఖరున పెట్టండి. ఈ వరస తప్పకూడదు. మైనస్ తగిలించి ఉండగా ప్లస్ విప్పబోతే పానా బాడీకి తగిలిందంటే పెద్ద నిప్పురవ్వ లేస్తుంది. బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ ఉంటుంది కాబట్టి అది ప్రమాదం. చేతి ఉంగరం, గాజులు తీసేయండి. పొడి పట్టి ఉంటే గోరువెచ్చని నీళ్లలో వంటసోడా కలిపి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి, ఆ నీళ్లు బ్యాటరీ మూతల లోపలికి పోకుండా చూసుకోండి. ఆరాక లోపలి గుండ్రాన్నీ పోలునూ మెరిసేదాకా సన్న ఉప్పుకాగితంతో రుద్ది, గట్టిగా బిగించి, పైన పలచగా వ్యాజిలిన్ రాయండి. చాలా బళ్లు ఇంతటితోనే దారికొస్తాయి.

దారికి రాకపోతే మల్టీమీటర్ కావాలి. ఎలక్ట్రికల్ షాపులో దొరికే మామూలుది చాలు. డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టండి. గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేక్ వేసి ఉండాలి. బండి హఠాత్తుగా స్టార్ట్ కావచ్చు కాబట్టి చున్నీ, కొంగు, చేతులు ఫ్యానుకూ బెల్టుకూ దూరంగా ఉంచుకోండి. తాళం ఒకేసారి 5 సెకన్లకు మించి తిప్పి పట్టుకోవద్దు.

రాత్రంతా నిలబడిన బండికి, పొద్దున్నే ఏమీ ఆన్ చేయకముందు, బ్యాటరీ పోలు నుంచి పోలుకు కొలవండి. 12.6 ఉంటే నిండుగా ఉంది. 12.4 ఫరవాలేదు. 12.2 అంటే సగమే. 12కు వచ్చిందంటే పావు వంతే మిగిలింది. అక్కడే పట్టి ఉంచి ఇంకొకరిని తాళం తిప్పమనండి. 9.6 కంటే కిందకు పడిపోతే బ్యాటరీని ఛార్జ్ చేయించి, దాని మీద భారం మోపి చూసే లోడ్ టెస్ట్ చేయించాలి. అప్పుడు బ్యాటరీ షాపుకు వెళ్లండి, వారంటీ కార్డు, బిల్లు తీసుకుని. చేతిలో అంకె ఉంటే గొడవతో పనిలేదు.

ఇక అసలు పరీక్ష. దారిలో ఎక్కడ ఎన్ని వోల్టులు పోతున్నాయో చూడటం, దీన్నే వోల్టేజ్ డ్రాప్ అంటారు. మీటరు ఒక ముల్లును ప్లస్ పోలు నడినెత్తిన, రెండోదాన్ని ఆ పోలునే పట్టుకున్న క్లాంపు మీద పెట్టి తాళం తిప్పమనండి. రెండు ముళ్ల మధ్య దూరం అంగుళం కూడా ఉండదు, కాబట్టి సున్నాకు దగ్గరగా చూపాలి. ఒకటో రెండో వోల్టులు చూపిందంటే ఆ అతుకులోనే మీ బండి స్టార్టింగ్ పోతోంది. మైనస్ పోలు దగ్గర కూడా ఇదే చేయండి. తర్వాత ఒక ముల్లు మైనస్ పోలు మీద, రెండోది ఇంజన్ మీద రంగు లేని ఇనుము మీద పెట్టండి. తాళం తిప్పినప్పుడు 0.3 వోల్టు దాటకూడదు. దాటితే ఎర్త్ వైరు పాడైంది. ప్లస్ పోలు నుంచి సోలనాయిడ్ లావు బోల్టు దాకా 0.5 లోపు ఉండాలి. ఆ బోల్టు చాలా కార్లలో కింద ఇరుకులో ఉంటుంది, దాన్ని ఎలక్ట్రీషియన్‌కు వదిలేయండి.

ఎర్త్ వైరు గురించి కాస్త చెప్పాలి. బ్యాటరీ మైనస్ నుంచి బాడీకి ఒకటి, బాడీ నుంచి ఇంజన్‌కో గేర్‌బాక్స్‌కో ఒకటి ఉంటాయి. రెండోది చాలా బళ్లలో జడలా అల్లిన రాగి పట్టీ. అది కింద, నీళ్లు చిమ్మే చోట ఉంటుంది, ఎవరి కంటా పడదు. వానాకాలంలో మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడే బళ్లకు ఆ పట్టీ బోల్టు దగ్గర తుప్పుపట్టి ఒక్కో పోగూ తెగిపోతూ ఉంటుంది. మీటరు లేకుండానే దీన్ని తేల్చే ఉపాయం ఒకటుంది. జంపర్ కేబుల్ (ఒక బ్యాటరీ నుంచి ఇంకోదానికి కరెంటు ఇచ్చే లావు వైరు) నల్లదాన్ని ఒక కొస బ్యాటరీ మైనస్‌కు, ఇంకో కొస ఇంజన్ మీద గట్టి ఇనుప భాగానికి తగిలించి తాళం తిప్పండి. ఇంజన్ గిర్రున తిరిగిందంటే ఎర్త్ వైరు మార్పిస్తే చాలు. 8 వేల పని కాస్తా కొన్ని వందల పనవుతుంది.

దారి మొత్తం బాగుందని తేలింది, పోలు దగ్గర 12 వోల్టులు నిలకడగా ఉన్నాయి, ఎక్కడా డ్రాప్ లేదు, అయినా టక్ తప్ప ఏమీ లేదు అనుకోండి. కరెంటు పారితేనే డ్రాప్ కనపడుతుంది, పారనప్పుడు అన్నిచోట్లా సున్నాయే. అంటే అప్పుడు తెగింది సోలనాయిడ్ కాంటాక్టుల దగ్గరో మోటార్ లోపలో. మీ మెకానిక్ మాట నిజమైనట్టే. కానీ అప్పుడు కూడా కొత్త మోటార్ ఒక్కటే దారి కాదు. సోలనాయిడ్ విప్పితే లోపలి రాగి బిళ్ల అంచు నల్లగా కాలి, గుంటలు పడి ఉంటుంది. ఆ బిళ్ల ఒక్కోసారి కొద్దిగా తిరిగి కాలని చోటు కాంటాక్టుకు తగులుతుంది, అప్పుడు బండి స్టార్ట్ అవుతుంది. నాలుగైదు సార్లు తిప్పితే ఒక్కోసారి అవుతోందన్నారు కదా, ఇది కూడా కారణం కావచ్చు. మోటార్ లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే బ్రష్‌లు అరిగినా ఇదే వరస. బ్రష్‌లు, కాంటాక్టులు, బుష్‌లు విడిగా మార్చే ఆటో ఎలక్ట్రీషియన్లు చెన్నైలో ప్రతి పేటలోనూ ఉన్నారు. జీపీ రోడ్డులో విడిభాగాలు దొరుకుతాయి. పుదుపేటలో పాత బళ్ల మోటార్లు కూడా దొరుకుతాయి కానీ, ఎంత అరిగిందో తెలియని మోటార్‌ను చవక అని తెచ్చుకోవడం కంటే మీ మోటార్‌నే బాగుచేయించుకోవడం మేలని నా అభిప్రాయం. ఆర్మేచర్, అంటే మోటార్ లోపల తిరిగే రాగి తీగల చుట్ట, కాలిపోయి ఉంటే మాత్రం కొత్తదే వేయించండి.

మామూలు మెకానిక్ దగ్గరకు కాకుండా ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరకే వెళ్లండి, వెళ్లి సెల్ఫ్ మోటార్ మార్చమని అడగకండి. తమిళంలో "వోల్టేజ్ డ్రాప్ పాత్తు సొల్లుంగణ్ణా" (వోల్టేజ్ డ్రాప్ చూసి చెప్పండన్నా) అనండి. మీటరు తీసి క్లాంపు దగ్గర పెట్టేవాడికి మీ బండి నిశ్చింతగా అప్పగించవచ్చు.

మీరు ఉండేది వేళచ్చేరి కాబట్టి ఇది గట్టిగా చెబుతున్నాను. వాన హెచ్చరిక రాగానే జనం కార్లు తీసుకెళ్లి ఫ్లైఓవర్ మీద వరసగా పెట్టుకునే ఏరియా మీది. 2015 వరదల్లోనూ, 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుఫానుకూ అక్కడ ఎన్ని బళ్లు మునిగాయో మీకు నేను చెప్పక్కర్లేదు. బండి నీళ్లలో మునిగాక టక్‌మని ఇంజన్ తిరగకపోతే రెండోసారి తాళం తిప్పకండి, తోయించకండి, జంప్ ఇవ్వకండి. సిలిండర్‌లోకి నీళ్లు చేరి ఉండవచ్చు. గాలిలాగా నీళ్లు నొక్కుకుపోవు, బలవంతంగా తిప్పితే పిస్టన్‌ను పట్టుకున్న కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, ఖర్చు ఎక్కడికో పోతుంది. టో చేయించి, స్పార్క్ ప్లగ్గులు తీయించి, నీళ్లు బయటకు పంపాకే తిప్పాలి.

మామూలు రోజుల్లో ఇంజన్ ఇరుక్కుందేమో అన్న అనుమానం వస్తే తాళం తీసేసి, ఐదో గేరులో పెట్టి, చదునైన చోట బండిని ముందుకూ వెనక్కూ ఊపి చూడండి. బరువుగానైనా కదిలితే ఇంజన్ తిరుగుతోందన్నమాట. మీ బండి తోస్తే స్టార్ట్ అవుతోంది కాబట్టి మీకు ఆ భయం లేదు. తోసేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. ఇంజన్ ఆగి ఉన్నంతసేపూ బ్రేకు, స్టీరింగ్ రెండూ గట్టిగా ఉంటాయి. వాలుగా ఉన్న వీధిలో, ట్రాఫిక్‌లో ఆ పని వద్దు.

పొద్దుటి పూటే ఎక్కువని రాశారు. మన చెన్నైలో చలికి ఇంజన్ బిగుసుకునే సమస్య లేదు. కాబట్టి రాత్రి పడుకునే ముందు ఒకసారి, పొద్దున ఒకసారి వోల్టేజీ కొలిచి చూడండి. రాత్రి 12.6 ఉన్నది తెల్లారేసరికి 12.2 అయితే రాత్రంతా ఏదో కరెంటు తాగుతోంది. తర్వాత పెట్టించిన స్టీరియో, డ్యాష్ కెమెరా, జీపీఎస్ లాంటివాటిని ముందు అనుమానించండి. ఇంజన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ బాగున్నట్టు. 13 కూడా దాటకపోతే దాన్ని చూపించుకోండి, లేకపోతే ఇంకో కొత్త బ్యాటరీ కొన్నా కొన్నాళ్లకు ఇదే పాట.

నెల్లూరు ప్రయాణం సంగతి. కారణం దొరికి, బాగు చేయించాక 3, 4 రోజులు వరసగా పొద్దున్నే మొదటి తిప్పుకే స్టార్ట్ అయితే నిర్భయంగా వెళ్లండి. ఇంచుమించు 175 కిలోమీటర్లు, ఇంజన్ ఆపకపోతే ఈ సమస్యతో బండి సాధారణంగా దారి మధ్యలో దానంతటది ఆగదు. ఇబ్బంది వచ్చేది సూళ్లూరుపేటలో టిఫిన్‌కో నాయుడుపేటలో పెట్రోల్‌కో ఆపి మళ్లీ తాళం తిప్పినప్పుడే. కారణం దొరకకపోతే మాత్రం తోసుకుంటూ పోదాంలే అనుకోకండి. ఎండలో, హైవే పక్కన, పిల్లలను పెట్టుకుని కారు తోయించే పరిస్థితి వద్దు. సెంట్రల్ నుంచి నెల్లూరుకు రైళ్లకు కొదవలేదు. కారును ఎలక్ట్రీషియన్ దగ్గర వదిలి రైలెక్కండి. వచ్చాక క్లాంపు దగ్గర, ఎర్త్ దగ్గర మీటరు ఎంత చూపిందో ఆ అంకెలు నాకు రాసి పంపండి. సెల్ఫ్ మోటార్ మార్చాలో వద్దో అవి చూసి చెబుతాను.